పాత కారుకు వేరే ఇంజను

(విశ్వావసు నామ సంవత్సర ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయిన తరువాత, పిల్లల పాటలకు ముందు, ఒక ఇరవై నిమిషాలు ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. సాహిత్యం గూర్చి మాట్లాడడానికి నాకంటె సమర్థులు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను మెట్రిక్యులేషను చదివి, బల్లార్షాలో రైల్వే గుమస్తాగా కాలక్షేపం చేస్తున్నవాడిని. అందుచేత మనలో పలువురి ఇళ్ళలో చర్చకు వస్తున్న ఒక సంసారపక్షపు విషయాన్నే ఎంచుకున్నాను. అదేమనగా, ఇంట్లో ఉన్న పాత చిన్నకారు ఇంజను అరిగిపోయినప్పుడు, దానిలో వేరే రకం ఇంజను పెట్టించుకోవచ్చునా, పెట్టిస్తే ఏమవుతుంది అన్నది. ఇప్పుడే పంతులుగారు మన ఆదాయ వ్యయాలు చదివి వినిపించారు. వ్యయం ఎక్కువ ఉన్న రాశులవారు కొంచెం శ్రద్ధగా వినవలసిందని మనవి.

ఈ ప్రశ్న నాగపూరులోనో హైదరాబాదులోనో ఉన్నవారికి ముచ్చట కావచ్చు. మనకు అది ముచ్చట కాదు. సిరొంచ తాలూకాలో తరతరాలుగా తెలుగు మాట్లాడేవారున్నారు. వారు ఆ నేల బిడ్డలే. మనలాంటివాళ్ళం తరువాత వచ్చి, దుకాణాలు పెట్టుకొని, కాంట్రాక్టులు పట్టుకొని, ఉద్యోగాలలో చేరి, సిరొంచ నుంచి ఆలాపల్లి, అహేరి మీదుగా భామ్రాగడ్ దాకా చెదిరి ఉన్నాము. 2016 డిసెంబరులో కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన తెరిచిన తరువాత, పుట్టింటికి పోయిరావడం సులువైంది; సొంతబండ్లు కూడా పెరిగాయి. కాని లోపలి దారి లోపలి దారే. ఆ వైపు రైలు లేదు. బస్సు దొరికితే బస్సు, లేకపోతే కాలీ పీలీ జీపు, అదీ లేకపోతే మన బండి. ఆలాపల్లి నుంచి భామ్రాగడ్ సుమారు 65 కిలోమీటర్ల అడవిదారి. ఇంద్రావతి, పాములగౌతమి, పర్లకోట అనే మూడు నదులూ భామ్రాగడ్ దగ్గరే కలుస్తాయి. వానాకాలంలో పర్లకోట పొంగి దారి తెగిపోవడం అక్కడివారికి ఏటేటా అనుభవమే. అటువంటి చోట కారు దర్జాకు కాదు. వరద తీసిన పూట బయటపడి ఆసుపత్రికి చేరడానికి.

భామ్రాగడ్‌లో మా బావమరిది కిరాణా దుకాణం నడుపుతున్నాడు. అతనికి 1998 నాటి మారుతి 800 కారు ఒకటి ఉన్నది. మారుతి 800 గూర్చి మీకు నేను చెప్పనక్కరలేదు. 1983 డిసెంబరు 14న మొదటి బండి తాళం చేతికిచ్చారు. 2014 జనవరిలో తయారీ ఆపివేశారు. 796 సి.సి., మూడు సిలిండర్ల చిన్న ఇంజను. మా బావమరిది బండి కిందటేడు వేసవిలో తెల్లటి పొగ, నీలం పొగ కొట్టడం, ఆయిలు తాగడం మొదలుపెట్టింది. గుట్ట ఎక్కేటప్పుడు రెండో గేరులో కూడా దమ్ము పట్టడం లేదు. మెకానిక్కు చూసి, బోరు అరిగింది, రింగులు పోయాయి, ఇంజను దించవలసిందే అన్నాడు. అక్కడ మొదలైంది చర్చ.

“బావా, ఎలాగూ ఇంజను దించుతున్నారు కదా, మళ్ళీ ఆ మూడు సిలిండర్లదే ఎందుకు? ఎస్టీము ఇంజను దొరుకుతుందట. నాలుగు సిలిండర్లు, 1300 సి.సి. మేస్త్రీ పెట్టిస్తానంటున్నాడు. నలుగురు మనుషులతో, నాలుగు బస్తాలతో గుట్ట ఎక్కినా తెలియదట” అని అతను నాకు ఫోను చేశాడు.

అతని కోరిక అత్యాశ అని నేననను. కొత్తబండి కొనడానికి స్తోమతు లేదు. పాతబండి శరీరం గట్టిగానే ఉన్నది. దుకాణం సరుకూ దానిలోనే రావాలి, మనుషులూ దానిలోనే పోవాలి. పైగా గుండెజబ్బున్న మా అత్తగారు అతని దగ్గరే ఉంటున్నారు. ఆమెను నెలకు ఒకటి రెండుసార్లు చంద్రపూరు తీసుకురావాలి. దారిలో బండి మొరాయించకూడదు. ఇంత బరువు ఉన్న ప్రశ్న కాబట్టి, నేను తెలిసిన డ్రైవర్లను, మెకానిక్కులను, మా రైల్వేషెడ్డులో ఫిట్టరు మిత్రులను అడిగి, చదవగలిగినంత చదివి, తెలుసుకున్న సంగతులు మీ ముందు ఉంచుతున్నాను.

మొదట ఒక మాట. ఒక బండికి వేరే బండి ఇంజను పెట్టడం వింత కాదు, తప్పూ కాదు. మన దేశంలో కార్ల కంపెనీలే ఆ పని ఎన్నోసార్లు చేశాయి. బొంబాయిలో వాల్‌చంద్ హీరాచంద్‌గారు 1944లో స్థాపించిన ప్రీమియర్ కంపెనీవారు ఫియట్ 1100 కారును తయారుచేశారు. 1974 నుంచి దానికే పద్మిని అని పేరు వచ్చింది. 1089 సి.సి. పెట్రోలు ఇంజను. డీజిలు కావాలని జనం కోరగా, 1990 తరువాతి సంవత్సరాలలో అదే శరీరంలో ఇటలీవారి నమూనా డీజిలు ఇంజను పెట్టి 137 డి అని అమ్మారు. అంతకుముందే 1980 దశకం నడుమ, అదే కంపెనీవారు ఫియట్ 124 శరీరంలో జపాను నిస్సాన్ ఇంజను, గేరుబాక్సు పెట్టి 118 ఎన్.ఇ. అనే కారు తెచ్చారు. అంబాసిడరుకు బ్రిటిషు నమూనా ఇంజనుకు బదులు జపాను ఇసుజు ఇంజను వచ్చింది. కాంటెస్సా కథ మరీ విచిత్రం. 1984లో వచ్చినప్పుడు ఆ పెద్ద శరీరంలో అంబాసిడరు 1489 సి.సి. ఇంజనే ఉండేది; ఏనుగుకు గుర్రపు కాళ్ళు పెట్టినట్టు అది ఈడ్చుకుంటూ నడిచేది. తరువాత ఇసుజు 1800 సి.సి. ఇంజను పెట్టాక గాని ఆ కారుకు పరువు దక్కలేదు. చిన్నకార్లలో 1998లో మారుతివారు జెన్ కారులో ఫ్రాన్సు పెజో కంపెనీ 1527 సి.సి. డీజిలు ఇంజను పెట్టి అమ్మారు.

బయట షెడ్లలోనూ ఈ పని జరిగింది. సైన్యం వేలం వేసిన విల్లీసు జీపులకు పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను పెట్టి అడవిదారుల్లో, కొండదారుల్లో ఏళ్ళ తరబడి తిప్పినవారున్నారు. విజయవాడ ఆటోనగరులో ఏ ఇంజనును ఏ బండికైనా కూర్చోబెట్టగల పనివారున్నారని చెప్పుకుంటారు. మనవాళ్ళ చేతిపనితనానికి నేను ఏనాడూ తక్కువ చేసి మాట్లాడను.

అయితే కంపెనీవారు చేసినప్పుడు ఒక ఇంజనును మాత్రమే మార్చరు. దానికి తగ్గట్టు ఏయే భాగాలు మార్చాలో లెక్కవేస్తారు, నడిపి చూస్తారు, పగిలినవి మార్చి మళ్ళీ నడిపి చూస్తారు, సర్కారు పరీక్షకు పెడతారు. మా రైల్వేలో ఇటీవలి ఉదాహరణ ఒకటి చెబుతాను. 2018లో వారణాసి కార్ఖానావారు పాత డీజిలు ఇంజనును విద్యుత్ ఇంజనుగా మార్చి చూపించారు. 69 రోజులలో పని పూర్తి చేశారని అందరూ మెచ్చుకున్నారు. ఆ 69 రోజుల వెనుక వందలమంది ఇంజనీర్లు, యావత్తు కార్ఖానా ఉన్నది. కొత్తరకం లోకోమోటివు లైను మీదికి రావాలంటే లక్నోలోని మా పరిశోధనా సంస్థ పరీక్షించాలి, భద్రతా అధికారులు ఒప్పుకోవాలి. మన ఊరి షెడ్డులో కారుకు ఇంజను మార్చేటప్పుడు అవేవీ లేవు. మేస్త్రీగారే డిజైనరు, మేస్త్రీగారే ఇన్‌స్పెక్టరు. నడిపి పరీక్ష చేసేవాళ్ళం మనం, వెనుకసీట్లో పిల్లలను, ముసలివాళ్ళను కూర్చోబెట్టుకొని.

ఇక ఇంజను మార్చితే ఇంకా ఏమేమి మారాలో ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది కూర్చునే చోటు. ఇంజనును శరీరానికి పట్టి ఉంచేవి ఫౌండేషన్ రబ్బర్లు. ప్రతి ఇంజనుకు అవి వేరు చోట్ల ఉంటాయి. కొత్తది పెట్టాలంటే పాత బ్రాకెట్లు కోసి, కొత్తవి వెల్డింగు చేయాలి. పాతకారు రేకు ఇరవై, పాతికేళ్ళు తుప్పు తిని ఉంటుంది. ఆ రేకు మీద వెల్డింగు చేసి దానికి ఎక్కువ బరువు, ఎక్కువ అదురు అప్పగించడం, చెదలు పట్టిన వాసానికి ఊయల కట్టడం వంటిది. మొదటి ఆరునెలలు నిలుస్తుంది. గతుకుల దారిలో ఎప్పుడో ఒకనాడు చీలుతుంది. ఇంజను ఎలా కూర్చుంటుందన్నదీ ముఖ్యమే. మారుతి 800లో ఇంజను అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. పద్మినిలో నిలువుగా కూర్చుని, పొడుగాటి షాఫ్టు ద్వారా వెనుక చక్రాలను తిప్పుతుంది. ఆమ్నీ, జిప్సీ బండ్ల ఇంజన్లు కూడా నిలువువే. అడ్డం ఇంజనును నిలువు బండిలో పెట్టడం అంటే గేరుబాక్సు, షాఫ్టు అన్నీ వెతుక్కోవాలి. మా బావమరిది అడిగిన ఎస్టీము ఇంజను అడ్డంగానే కూర్చుంటుంది కాబట్టి ఆ చిక్కు లేదు. మిగతా చిక్కులన్నీ ఉన్నాయి.

రెండవది గేర్లు. ఇంజను బలం చక్రాలకు చేరేది క్లచ్చి, గేరుబాక్సు, ఎక్సిల్ షాఫ్టుల ద్వారా. అవి 796 సి.సి. ఇంజను బలానికి తగినట్టు చేసినవి. దానికి ఒకటిన్నర రెట్లు మించిన ఇంజను తగిలిస్తే, మొదట క్లచ్చి జారుతుంది, తరువాత షాఫ్టు జాయింట్లు అరుస్తాయి. అందుచేత ఇంజనుతోబాటు దాని గేరుబాక్సునూ తెచ్చుకోవాలి. అప్పుడు షాఫ్టుల పొడుగు సరిపోదు, లేతుపని మొదలవుతుంది. డీజిలు ఇంజను పెట్టేవారికి ఇంకొక చిక్కు. డీజిలు ఇంజను నెమ్మదిగా, బలంగా తిరుగుతుంది. పెట్రోలు ఇంజను వేగంగా తిరుగుతుంది. పెట్రోలు బండి వెనుక పళ్ళచక్రాలనే ఉంచేస్తే, డీజిలు ఇంజను ఎంత అరిచినా బండి వేగం పెరగదు. మేస్త్రీ చెప్పిన లాభం శబ్దంలోనే తేలిపోతుంది.

మూడవది వేడి. పెద్ద ఇంజను పెద్ద పొయ్యి. పాత రేడియేటరు చిన్న పొయ్యికి చాలినది. పట్టణాల మధ్య గాలి తగిలే రోడ్డు మీద ఈ తేడా కనిపించకపోవచ్చు. ఎండాకాలంలో, గుట్టదారిలో, మొదటి గేరులో మెల్లగా ఎక్కేటప్పుడు గాలి తగలదు. అప్పుడు నీళ్ళు మరిగి, హెడ్డు గాస్కెట్టు పోతుంది. అడవిలో హెడ్డు గాస్కెట్టు పోతే ఏమవుతుందో కాలీ పీలీ డ్రైవర్లను అడిగి తెలుసుకోవచ్చు.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది, మన మేస్త్రీలు అన్నిటికంటె చివర చెప్పేది: బ్రేకులు. బండి వేగం గంటకు 60 కిలోమీటర్ల నుంచి 85కు పెరిగితే, వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లకంటె తక్కువే. కాని ఆపడానికి బ్రేకులు మింగవలసిన శక్తి రెట్టింపు అవుతుంది. శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుందని హైస్కూలు భౌతికశాస్త్రంలో మనమందరం చదివినదే. పైగా ముందు బరువు పెరుగుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది, స్ప్రింగులు కుంగుతాయి. గుర్రాన్ని మార్చి కళ్ళెం మార్చకపోతే రౌతు గతి ఏమవుతుందో ఆలోచించండి. డీజిలు ఇంజను విషయంలో ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. పెట్రోలు కారులో బ్రేకు తొక్కడానికి తోడ్పడే బూస్టరు, ఇంజను గాలి పీల్చేటప్పుడు పుట్టే శూన్యంతో పని చేస్తుంది. మామూలు డీజిలు ఇంజనులో ఆ శూన్యం పుట్టదు. అందుకని డీజిలు బండ్లకు వేరే వాక్యూము పంపు ఉంటుంది. ఇంజను తెచ్చి, పంపు తేవడం మరిచిపోయిన బండిలో బ్రేకు రాయిలాగ గట్టిపడిపోతుంది. ఆ సంగతి తెలిసేది దిగుడులో.

అయిదవది వైరింగు. పాత బండికి కార్బురేటరు. తరువాతి ఇంజన్లు ఎం.పి.ఎఫ్.ఐ.వి, వాటికి కంప్యూటరు పెట్టె, సెన్సార్లు, టాంకులో ఎలక్ట్రిక్ పంపు ఉండాలి. ఒక బండి వైరింగును మరొక బండి వైరింగుకు ముడివేసి టేపు చుట్టితే, ఎప్పుడైనా వేడికి కరిగితే, పెట్రోలు పైపు పక్కనే ఉంటుంది. ఇంతకంటె చెప్పను, పండుగపూట.

ఈ అయిదూ డబ్బుతో సరిచేయవచ్చు. పూనాలోనో, హైదరాబాదులోనో మంచి పనిమంతుడు దొరికితే, ఖర్చుకు వెనకాడకపోతే, అన్నీ సరిగా అమర్చవచ్చు. కాని ఆరవది ఒకటున్నది. అది డబ్బుతో దొరకదు. మారుతి 800 ఇంజను భామ్రాగడ్‌లో, ఆలాపల్లిలో, అహేరిలో ప్రతి మెకానిక్కుకూ తెలుసు. కళ్ళుమూసుకొని విప్పి బిగించగలరు. ప్లగ్గు, పాయింటు, గాస్కెట్టు ఏదో ఒక దుకాణంలో ఉంటుంది. లేకపోతే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిస్తారు. మార్పిడి చేసిన బండికి అలా కాదు. ఏ షాఫ్టు ఎక్కడ కోశారో, ఏ తీగ ఏ తీగకు కలిపారో, అది పెట్టిన మేస్త్రీ ఒక్కడికే తెలుసు. అతను ఊరు మారితే, బండి ఉండి కూడా లేనట్టే. జబ్బు ఏమిటో తెలిసిన వైద్యుడు ఏటి అవతల ఉంటే, ఏరు పొంగిననాడు రోగి గతి ఏమి?

ఇప్పుడు కాగితాల సంగతి. ఇది వినడానికి విసుగు. కాని నేను గుమస్తాను గనుక చెప్పకుండా ఉండలేను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీవారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి యజమానికి హక్కు లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టువారు ఈ మాటనే మరింత స్పష్టం చేశారు. అదే సంవత్సరం చట్టంలో చేసిన సవరణ ప్రకారం, అనుమతిలేని మార్పులు చేయించిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరునెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. గాసుకు, బ్యాటరీకి మార్చుకోవడానికి చట్టంలో దారి ఉన్నది. అది ఆమోదం పొందిన కిట్టుతో, ఆమోదం పొందిన చోట చేయించి, పుస్తకంలో ఎక్కించుకున్నప్పుడే. వంటగాసు సిలిండరును డిక్కీలో పెట్టి ట్యూబు లాగడం ఆ దారి కాదు. అదే రకం ఇంజను పెట్టుకున్నా సరే, ముందుగా ఆర్.టి.ఓ. ఆఫీసులో అడిగి, మార్చిన 14 రోజులలో తెలియజేసి, కొత్త ఇంజను నంబరు ఆర్.సి.లో రాయించుకోవాలి.

పదిహేనేళ్ళు దాటిన సొంతకారుకు అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఆనాడు ఇన్‌స్పెక్టరు ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు చూస్తాడు. మన సరిహద్దు ప్రాంతంలో పోలీసు నాకాలు ఎక్కువ అని మీకు తెలుసు. పుస్తకంలో ఒక నంబరు, ఇంజను మీద ఇంకొక నంబరు ఉంటే, మనం నిజాయితీపరులమని ఆ రాత్రి ఎవరు సాక్ష్యం చెబుతారు? ఇంకొక మాట. అటునుంచి కొన్న బండిని ఇటు తెచ్చి సంవత్సరం మించి ఉంచుకుంటే, అక్కడి ఆఫీసునుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి ఇక్కడి నంబరు వేయించుకోవాలి. టి.ఎస్., టి.జి., ఎ.పి. నంబర్లతో ఏళ్ళ తరబడి తిరుగుతున్న బండ్లు ఈ హాలు బయటే నాలుగైదు కనిపిస్తున్నాయి. పేర్లు చెప్పను.

మా కాలనీలో ఒకాయన సంగతి చెప్పి ఈ భాగం ముగిస్తాను. ఆయన చిన్నకారుకు పెద్ద ఇంజను పెట్టించుకున్నాడు. రెండేళ్ళు మహారాజులాగ తిరిగాడు. ఒకనాడు లారీ గుద్దింది, తప్పు లారీవాడిదే. బీమా సర్వేయరు వచ్చి బానెట్టు ఎత్తి, నంబరు చూసి, పుస్తకం చూసి, మారుమాట లేకుండా రాసుకొని వెళ్ళాడు. బండి రిపేరు డబ్బు ఈనాటికీ రాలేదు. ఆయన తప్పుగా నడపలేదు. కాగితం తప్పుగా ఉన్నది, అంతే. ఏటేటా ప్రీమియము మాత్రం సక్రమంగానే కట్టాడు.

సెకండ్‌హాండు ఇంజను కొనేవారికి ఒక హెచ్చరిక. ఇంజనుకు కూడా కులగోత్రాలుంటాయి. అది ఏ బండిదో, ఆ బండి ఆర్.సి. నకలు, తుక్కుకు ఇచ్చిన కాగితం, దుకాణం బిల్లు చేతికి రానిదే డబ్బు ఇవ్వకండి. దొంగబండి ఇంజను తక్కువ ధరకే దొరుకుతుంది. దాని అసలు ధర తరువాత తెలుస్తుంది.

మరి పాతకారు ఉన్నవాడు ఏమి చేయాలి? మూడు దారులున్నాయి. ఒకటి, ఉన్న ఇంజనునే బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించి, వాల్వులు నూరించడం. రెండు, అదే రకం మంచి ఇంజనును కాగితాలతో సహా తెచ్చి పెట్టించి, నంబరు రాయించుకోవడం. మూడు, వేరే రకం ఇంజను. మా బావమరిదికి మేస్త్రీ చెప్పిన మూడవదారి ఖర్చు, ఆ కారు అమ్మితే వచ్చే ధరకు ఇంచుమించు రెండింతలు. అందులో బ్రేకుల పద్దు లేదు, రేడియేటరు పద్దు లేదు, ఆర్.టి.ఓ. పద్దు లేనే లేదు. నేను ఒక తెల్లకాగితం మీద ఆ పద్దులన్నీ రాసి పంపించాను. రైల్వే గుమస్తాకు వచ్చిన విద్య అదొక్కటే కదా.

అతను రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజున మా అత్తగారు ఫోనులో “నాయనా, వాడు బండి వేగంగా పోవాలంటున్నాడు. నాకు వేగం వద్దు, వాన వచ్చినా కదిలితే చాలు” అన్నారు. ఇంజనీర్లు ఇంతకంటె బాగా చెప్పలేరని నా అభిప్రాయం. ఏ పనికి ఏ బండి అన్న ప్రశ్నకు ఆమె సమాధానం చెప్పేసింది.

చివరకు ఆలాపల్లిలో పాత ఇంజనునే విప్పి పని చేయించాడు. మిగిలిన డబ్బులో కొంత పెట్టి బ్రేకు షూలు, వీల్ సిలిండర్లు, క్లచ్చి ప్లేటు, రేడియేటరు శుద్ధి, రెండు కొత్త టైర్లు వేయించాడు. దుకాణం బస్తాలను కారులో తేవడం మానివేసి, వారానికొకసారి జీపులో తెప్పించుకుంటున్నాడు. పొగ పోయింది, ఆయిలు తాగడం పోయింది. పికప్ మాత్రం రాలేదు, ఎందుకు వస్తుంది? ఇప్పటికీ గుట్ట ఎక్కేటప్పుడు నన్ను తలుచుకొని తిట్టుకుంటాడని మా ఆవిడ చెబుతున్నది. ఆ తిట్లు నేను సంతోషంగా భరిస్తున్నాను. ఆ బండి వానాకాలంలో నాలుగుసార్లు అత్తగారిని చంద్రపూరు చేర్చింది.

ఇంజను మార్పిడి ఎవరికీ తగదని నేను చెప్పడం లేదు. పాతకార్లంటే ప్రాణంగా చూసుకొనేవారున్నారు. బొంబాయిలో పద్మిని టాక్సీలు 2023 అక్టోబరుతో రోడ్డు మీదినుంచి నిష్క్రమించినప్పుడు కంటతడి పెట్టినవారిని గూర్చి పత్రికలలో చదివాము. అటువంటివారు పట్నంలో ఉండి, డబ్బు ఉండి, అనుమతి తెచ్చుకొని, వేడుకకోసం చేయించుకుంటే అభ్యంతరం ఏమున్నది? కాని బతుకు ఆధారపడిన బండికి నా మనవి మూడు మాటలు. మొదట, ఇంజను ఖర్చు అడిగేముందు బ్రేకుల ఖర్చు అడగండి; దానికి సమాధానం చెప్పలేని మేస్త్రీకి ఇంజను అప్పగించకండి. రెండు, పుస్తకంలో ఎక్కని ఇంజను మన ఇంజను కాదని తెలుసుకోండి. మూడు, మీరు తిరిగే దారిలో చివరి మెకానిక్కు ఎవరో, అతనికి ఏ ఇంజను తెలుసో కనుక్కోండి. మీ బండికి అదే ఉత్తమమైన ఇంజను, అది ఎన్ని సి.సి.లదైనా సరే.

కొత్త సంవత్సరంలో మీ ఆదాయం వ్యయాన్ని మించుగాక. మీ బండ్లు దారిలో ఆగకుండుగాక, ఆపవలసినచోట తప్పక ఆగుగాక. పిల్లలు పాటలకోసం తొందరపడుతున్నారు గనుక ఇంతటితో సెలవు తీసుకుంటున్నాను.